కృష్ణలో వేసిన బిళ్లలు

విజయవాడ, సత్యనారాయణపురం

చిరంజీవులైన మనవడికీ మనవరాలికీ అమ్మమ్మ ఆశీస్సులు.

గుంటూరు నుంచి రైల్లో వచ్చేటప్పుడల్లా, కృష్ణ బ్రిడ్జి రాగానే మీ చేతుల్లో రూపాయి బిళ్లలు పెట్టి నదిలో వేయించేదాన్ని కదా. ఈ ఆదివారం వేయకండి. ఎందుకో చెప్పాలంటే మామయ్య నన్ను కారులో తిప్పిన ఎల్లోస్టోన్ సంగతి చెప్పాలి.

అది అమెరికాలో, చాలావరకు వయోమింగ్ రాష్ట్రంలో ఉంది. 1872లో జాతీయ పార్కు చేశారు. లోపలి రోడ్డు 8 అంకెలా మెలితిరిగి దాదాపు 230 కిలోమీటర్లు ఉంటుంది. నేను బయలుదేరిన రోజున ఇక్కడ రోళ్లు పగిలే ఎండ. అక్కడ పొద్దున్నే స్వెటరు వేసుకున్నా వణుకే. దారిలో అడవిదున్నల మంద అడ్డొస్తే ముప్పావు గంట ఆగిపోయాం. ఎవరూ హారన్ కొట్టలేదు. దారి వాటిదే అన్నట్టు అందరూ ఊరుకున్నారు. నాకది ఎంతో నచ్చింది.

గీజర్ అంటే మీకు స్నానాలగదిలోదే తెలుసు. అసలు గీజరంటే నేలలోంచి ఎగజిమ్మే వేడినీటి బుగ్గ. ఆ నేల కింద ఒక పెద్ద అగ్నిపర్వతం ఉంది. చివరి మహా విస్ఫోటం 6,40,000 ఏళ్ల కిందట జరిగిందట. ఆ వేడి ఇంకా చల్లారలేదు. వాననీరూ కరిగిన మంచూ పగుళ్లలోంచి లోతుకు దిగి అక్కడ కాగుతాయి. పైన నిలిచిన నీటి బరువు నొక్కిపెట్టడంతో అడుగునీరు ఎంత కాగినా ఆవిరి కాలేదు. పైనీరు కొంచెం పొంగిపోతే బరువు తగ్గుతుంది. అంతే, అడుగున ఉన్నది ఒక్కసారిగా ఆవిరై పైనున్నదంతా ఎగదోస్తుంది. ప్రెషర్ పోకముందే అమ్మ కుక్కర్ మూత తీస్తే పప్పు గోడలకు చిమ్మింది, గుర్తుందా? అదే ఇది. ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ అనే గీజరు సుమారు గంటన్నరకోసారి ఇలా లేస్తుంది, ఒక్కోసారి 50 మీటర్లు దాటి. నీళ్లు లేచినప్పుడు నాకు తెలియకుండానే చేతులు జోడించాను.

గ్రాండ్ ప్రిస్మాటిక్ అనే మడుగు వంద మీటర్ల పైచిలుకు వెడల్పు. నడుమ నీలం, చుట్టూ పసుపు, నారింజ, ఇటుక ఎరుపు. ఎవరో పెద్ద ముగ్గేసి రంగులద్దినట్టుంది. నడుమ నీరు మరీ వేడి, రంగునిచ్చే సూక్ష్మజీవులు అక్కడ బతకవు కాబట్టి నీలంగా ఉంటుంది. అంచుల్లో వేడి తగ్గినకొద్దీ ఒక్కో రకం సూక్ష్మజీవులు బతుకుతాయి, ఆ రంగులు వాటివే. అక్కడి ఒక బుగ్గలో 1960లలో థామస్ బ్రాక్ అనే శాస్త్రవేత్త వేడికి చావని ఒక బ్యాక్టీరియాను కనిపెట్టాడు. దాని ఎంజైముతోనే పీసీఆర్ పరీక్ష సులువైంది. కరోనా రోజుల్లో మీ ముక్కుల్లో పుల్ల పెడితే ఏడ్చారే, ఆ పరీక్షే.

ఇక మార్నింగ్ గ్లోరీ అనే వేడినీటి బుగ్గ. ఒకప్పుడు కట్లపువ్వులా నిండు నీలంగా ఉండేదట. చూడవచ్చినవాళ్లు ఏళ్ల తరబడి నాణేలూ చెత్తా వేశారు. 1950లో పార్కువాళ్లు దాన్ని పొంగించి శుభ్రం చేస్తే నాణేలతోపాటు చేతిరుమాళ్లు, తువ్వాళ్లు కూడా బయటపడ్డాయి. వేడినీరు వచ్చే దారి మూసుకుపోతే బుగ్గ చల్లబడుతుంది. చల్లబడితే అంచుల్లోని పసుపూ నారింజా లోపలికి పాకుతాయి. ఇప్పుడు అలాగే ఉంది.

దాని ముందు చాలాసేపు నిలబడ్డాను. వేసినవాళ్లెవరూ చెడ్డవాళ్లు కారు. నాలాగే మొక్కుకుని వేసి ఉంటారు. కృష్ణమ్మ బుగ్గ కాదు, పారే నది, నిజమే. అయినా ఇకమీదట నా మనసొప్పదు. బ్రిడ్జి మీద దణ్ణం పెట్టుకోండి, చాలు. బిళ్లలు దాచి తెండి, సాయంత్రం బ్యారేజీ దగ్గర ముంతకింద పప్పు కొనుక్కుందాం.

మార్నింగ్ గ్లోరీ ఫొటో మామయ్య ప్రింటు తీయించాడు, వచ్చాక చూపిస్తాను. నడిమధ్యన ఇంకా కాస్త ఆకుపచ్చ నీలం మిగిలి ఉంది.

మీ అమ్మమ్మ