త్యాగం నుంచి దరఖాస్తు దాకా: పాలమూరు, నల్లగొండ మేళాలు

పాలమూరు, నల్లగొండ పల్లెల్లో చిందు భాగోతం ఆడే మేళాలకు, డక్కలి కులం వాళ్లకు ఒకప్పుడు సర్కారు సాయంతో పనిలేదు. ఏ ఊరు ఎవరిదో మిరాశీగా, అంటే వంశపారంపర్య హక్కుగా ఖాయమై ఉండేది. డక్కలి కళాకారుడు మాదిగ ఇళ్ల ముందు కిన్నెర అనే తీగల వాయిద్యం మీటి, వాళ్ల కులపురాణం చెప్పి ‘త్యాగం’ అనే వాటా అడిగేవాడు. ధాన్యమో, బట్టో, రొక్కమో ముట్టేది. అడగడం అతని హక్కు. ఆ హక్కే అతన్ని ఊరి బయటి గుడిసెకు కట్టేసింది కూడా. ఆ అంటరానితనం మళ్లీ రావాలని ఎవరూ కోరరు. పోయిన ఆ బతుకుదెరువు స్థానంలో ఏం వచ్చిందన్నదే అసలు సంగతి.

కళల కోసం సర్కారు సంస్థలైతే వచ్చాయి: 1953లో సంగీత నాటక అకాడమీ, 1986లో నాగపూర్ కేంద్రంగా దక్షిణ మధ్య మండల సాంస్కృతిక కేంద్రం మొదలయ్యాయి. 1991 తర్వాత డిష్ టీవీలు, ఆపై డీజే బాక్సులు పల్లెకు చేరాయి. అప్పటికే వలసబాట పట్టిన పాలమూరులో మేళం కూడటమే కష్టమైంది. హార్మోనియం వాయించే మనిషి పుణెలో మట్టి పనిలో ఉంటే చిందు ఆట నడవదు.

స్థానిక కళలను కాపాడుకునే హక్కు ప్రతి దేశానికీ ఉందని 2005లో యునెస్కో ఒప్పందం చెప్పింది. 148 దేశాలు అవునన్నాయి, అమెరికా, ఇజ్రాయెల్ కాదన్నాయి. భారత్ 2006లో ఆమోదించింది. తెలంగాణ వచ్చాక రాష్ట్ర ప్రభుత్వ సంస్థ సాంస్కృతిక సారథి 550 మంది కళాకారులకు కొలువులిచ్చింది. ఆ జీతం ఎన్నో ఇళ్లు నిలబెట్టింది. కానీ అక్కడ ప్రధాన పని పథకాల ప్రచారం. తెల్లవార్లూ ఆడే భాగోతానికి అందులో చోటు తక్కువ.

పురస్కారాలూ వచ్చాయి. లింగాల మండలం అవుసలికుంటకు చెందిన దర్శనం మొగిలయ్య పన్నెండు మెట్ల కిన్నెరకు 2022లో పద్మశ్రీ అందుకున్నారు. దామరగిద్దకు చెందిన దాసరి కొండప్పకు బుర్రవీణ అనే తీగల వాయిద్యానికి 2024లో అదే గౌరవం దక్కింది. అవి ఒక్కొక్కరికి దక్కినవి. మేళానికి కావలసింది వేరు.

కిన్నెరనే చూడండి. వెదురు కర్ర, ఎండిన సొరబుర్రలు, తీగలు, తేనెమైనంతో అతికించిన మెట్లు, అంటే స్వరం పలికించడానికి తీగను నొక్కే చోట్లు. పూర్వం మెట్లకు అలుగు అనే అడవి జంతువు పొలుసులు వాడేవారు. 1972 వన్యప్రాణి చట్టం అలుగుకు రక్షణ ఇచ్చింది, ఇవ్వాల్సిందే. ఇప్పుడు వేరే ముక్కలు వెతుక్కోవాలి. ఎండాకాలం మైనం మెత్తబడితే మెట్టు జరుగుతుంది, స్వరం తప్పుతుంది. బుర్ర పగిలితే నాదమే పోతుంది. వాయించడం ఒక్కటే నేర్పితే చాలదు, బుర్ర ఎంచుకోవడం, మెట్టు నిలపడం కూడా శిష్యుడికి రావాలి.

దీనికి దగ్గరగా వచ్చేది కేంద్రం గురుశిష్య పరంపర సాయం: గురువుకు నెలకు 15,000, శిష్యులకు వయసును బట్టి 2,000 నుంచి 10,000 రూపాయలు. చిక్కంతా కాగితాల దగ్గరే. మేళం సంఘంగా రిజిస్టర్ కావాలంటే ఏడుగురు సభ్యులు ఉండాలి, గ్రాంటుకు ఆడిట్ లెక్కలు చూపాలి. గుడ్డసంచిలో డబ్బులు పంచుకునే మేళానికి లెక్కల పుస్తకం ఎక్కడిది? వృద్ధ కళాకారుల పింఛను నెలకు 6,000 దాకా ఉంది. 60 ఏళ్లు నిండాలి, ఏడాది ఆదాయం 72,000 దాటకూడదు. ఆధార్‌లో వయసు తప్పు పడిన వాళ్లు అక్కడే ఆగిపోతున్నారు. కాబట్టి దరఖాస్తుకు ముందే ఆధార్ సరిచేయించాలి, మీసేవలో ఆదాయ, కుల పత్రాలు తీసుకోవాలి. జాతరలో ఆడిన ప్రతిసారీ తేదీతో ఫొటో, సర్పంచ్ సంతకం దాచుకోవాలి. మేళం పేరుతో బ్యాంకు ఖాతా ఈ ఏడాదే తెరిస్తేనే వచ్చే ఏళ్లకు చూపడానికి లెక్కలు తయారవుతాయి.