గొట్టం పెట్టి చూస్తే అన్నీ తెలిసిపోవండీ

మా అమలాపురం వైపు పేషెంట్లు కుర్చీలో కూర్చోగానే చొక్కా పైగుండీలు రెండూ విప్పి, "ఓసారి గొట్టం పెట్టి చూడండి" అంటారు. చూశాక ఎక్స్‌రే రాస్తే మొహం మారిపోతుంది. "చూశారుగా, మళ్లీ ఫొటో ఎందుకండీ?" ఛాతీ డాక్టరుగా రోజూ వినే ఇలాంటి మాటలు కొన్ని.

అపోహ: స్టెతస్కోపు పెడితే ఊపిరితిత్తుల జబ్బు ఏదైనా దొరికిపోతుంది.

దొరకదు. టీబీ మొదట్లో, గడ్డ లోతుగా ఉన్నప్పుడు ఊపిరి చప్పుడు శుభ్రంగానే వినిపించొచ్చు. దగ్గు రెండు వారాలు దాటితే, నాకేమీ వినపడకపోయినా కళ్లె పరీక్ష చేయించాల్సిందే. ప్రభుత్వాసుపత్రిలో అది ఉచితం.

అపోహ: చొక్కా మీదుంచి ముందువైపు చూస్తే చాలు.

ఊపిరితిత్తుల కిందిభాగం ఎక్కువగా వీపువైపే ఉంటుంది. నీరు చేరినా, నెమ్ము పట్టినా తరచు అక్కడే తెలుస్తుంది. ఇక బట్ట రాపిడి చెవిలో అచ్చం జబ్బులాగే వినిపిస్తుంది. ఛాతీ వెంట్రుకలూ అంతే. కొత్తలో ఒకాయన వెంట్రుకల చిటపటను నెమ్మనుకుని ఎక్స్‌రే తీయించాను, అందులో ఏమీ లేదు. ఇప్పుడు తడిదూదితో వెంట్రుకలు అణిచి వింటాను.

అపోహ: వేలితో తట్టి చూడటం పాతకాలం పని.

పాతదే. స్టెతస్కోపు 1816లో వచ్చింది. తట్టి చూడటం గురించి ఆస్ట్రియా వైద్యుడు ఆవెన్‌బ్రుగ్గర్ 1761లోనే పుస్తకం వేశాడు. వాళ్ల నాన్నది సత్రం. పీపాలు తట్టి సరుకు ఎంతుందో చూడటం అక్కడే పట్టుబడిందంటారు. మనకి పీపాల దాకా ఎందుకు, రొయ్యల చెరువు గట్టు మీద డీజిల్ డ్రమ్ము తట్టి ఎక్కడిదాకా ఉందో చెప్పేవాళ్లు లేరూ? ఎడమచేతి నడిమివేలు పక్కటెముకల సందులో నొక్కిపెట్టి, దానిమీద కుడివేలి కొసతో కొడతాం. గాలి ఉన్నచోట బోలుగా మోగుతుంది. నీరు చేరినచోట బండను తట్టినట్టు మొద్దుగా ఉంటుంది. ఆ మొద్దుదనం చాలాసార్లు చెవికంటే ముందు కిందున్న వేలికే తెలుస్తుంది. ఆ తర్వాత స్కానింగు చేసి, సూదితో నీరు తీసి పరీక్షకు పంపుతాం.

అపోహ: పిల్లికూతలు ఆగితే ఉబ్బసం తగ్గినట్టే.

మనిషి తేరుకుని మాట్లాడుతుంటే నిజమే. కానీ కూత రావాలంటే లోపల గాలి ఆడాలి. ఊపిరిగొట్టాలు మరీ బిగుసుకుపోతే కూత కూడా రాదు. కోతల రోజుల్లో ఒక రైసుమిల్లు కూలీని ఆటోలో తెచ్చారు. "ఇంటిదగ్గర కూతలు వీధిలోకి వినపడ్డాయండీ, దారిలో తగ్గిపోయాయి" అంటోంది భార్య ఊరటగా. ఆయనేమో మంచం అంచు రెండు చేతులా పట్టుకుని ముందుకు వంగి ఉన్నాడు. పేరడిగితే మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయాడు. స్టెతస్కోపులో దాదాపు ఏమీ లేదు. నాకు చెమటలు పట్టాయి. ఆక్సిజనూ నెబులైజరూ ఇంజెక్షనూ అన్నీ నడిచాక, కాసేపటికి కూతలు మొదలయ్యాయి. "మళ్లీ వచ్చాయండీ!" అని ఆవిడ ఏడుపు. నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది.

అపోహ: పసిబిడ్డకు గురగురమంటే నెమ్మే.

చాలాసార్లు అది ముక్కులో చీమిడి, గొంతులో తెమడ. నెమ్ము అనుమానం ఉంటే చప్పుడు కన్నా ఊపిరి లెక్క ముఖ్యం. బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి, ఫోనులో టైము చూస్తూ లెక్కపెట్టండి. నిమిషానికి రెండు నెలల లోపు 60, ఏడాది లోపు 50, ఐదేళ్ల లోపు 40. లెక్క అంతే ఉన్నా, అంతకు మించినా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. డొక్కలెగరేస్తుంటే లెక్కతో పనిలేదు, వెంటనే బయల్దేరండి. అరనిమిషం లెక్కేసి రెట్టింపు చేయొద్దు, పసిపిల్లల ఊపిరి ఒక్కతీరుగా ఉండదు.