చివరి అంకె ముందుకొస్తే రెట్టింపయ్యే సంఖ్య

"సంఖ్య చివరి అంకెను తీసి మొదట్లో పెడితే అది రెట్టింపు కావాలి. అలాంటిది ఉందా?" అని ఒక పాఠకుడు అడిగారు. ఉంది, కానీ 18 అంకెలకు తక్కువలో దొరకదు. అన్నిటికన్నా చిన్నది 105263157894736842. చివరి 2ను ముందుకు తెస్తే 210526315789473684. సరిగ్గా రెట్టింపు!

దీన్ని కట్టడానికి రెండో ఎక్కం చాలు. చివర 2 పెట్టండి. దాని రెట్టింపు 4. రెట్టింపు సంఖ్యలో ఒకట్ల స్థానంలోకి వచ్చే అంకె, అసలు సంఖ్యలో 2కు ఎడమ పక్కనున్నదే. కాబట్టి అక్కడ 4 రాయాలి. తర్వాత 8. తర్వాత 16: 6 వేసి, చేతిలో 1. ఆరు రెళ్లు 12, చేతిలోది కలిపితే 13: 3 వేసి, చేతిలో 1. చేతిలో ఏమీ మిగలకుండా మళ్లీ 2 వచ్చేదాకా ఇలాగే.

చేతిలో మిగిలే ఆ 1ని బడిలో చిత్తులెక్కగా చూసి వదిలేస్తాం. ఈ లెక్క ప్రాణమంతా అందులోనే ఉంది. అంకెనూ చేతిలోదాన్నీ కలిపి ఒకే సంఖ్యగా చదివితే వరుస ఇది: 2, 4, 8, 16, 13, 7, 14, 9, 18, 17, 15, 11, 3, 6, 12, 5, 10, 1, మళ్లీ 2. ప్రతిసారీ రెట్టింపు చేస్తున్నాం, 19 దాటితే 19 తీసేస్తున్నాం. 16 రెట్టింపు 32, అందులో 19 పోతే 13. 19 ఎక్కణ్ణుంచి వచ్చింది? చేతిలోని 1 విలువ అక్కడ 10. రెట్టింపైతే 20 కావాలి, మనం కలిపేది 1. తేడా 19.

1 నుంచి 18 దాకా ప్రతిదీ ఒక్కసారే వచ్చింది చూడండి! అందుకే 18 అంకెలు. తొమ్మిది అడుగులకోసారి 19కి జోడీ ఎదురవుతుంది: 2కి 17, 4కి 15. ఆ జోడీల చివరి అంకెలు కలిస్తే 9. కాబట్టి సంఖ్యను సగానికి విరిచి కలిపితే 105263157 + 894736842 = 999999999. ఆవర్తన దశాంశాల్లో, అంటే ఒకే అంకెల గుంపు తిరిగితిరిగి వచ్చే దశాంశాల్లో, కనిపించే ఈ గుణం మీద 1836లో మిడీ అనే ఫ్రెంచి గణితకారుడి సిద్ధాంతం ఉంది. మన సంఖ్య కూడా 2/19 దశాంశంలో తిరిగితిరిగి వచ్చే భాగమే.

అంకెల మొత్తం 81, మళ్లీ కూడితే 9. దీనికి మహిమ అంటగట్టనక్కర్లేదు. అంకె చోటు మారినా మొత్తం మారదు, కాబట్టి సంఖ్యకూ దాని రెట్టింపుకూ 9తో భాగిస్తే ఒకే శేషం. వాటి తేడా అసలు సంఖ్యే, అది 9తో నిశ్శేషంగా భాగించబడి తీరాలి.

రెట్టింపు బదులు అయిదు రెట్లు కావాలంటే చేతిలోని 1 విలువ 20కి బదులు 50 అవుతుంది, కాబట్టి 19 స్థానంలో 49 వస్తుంది. అది 7 × 7. అందుకే 7తో మొదలుపెడితే వరుస 7 గుణిజాల్లోనే తిరుగుతుంది: 7, 35, 28, 42, 14, 21, మళ్లీ 7. వాటి చివరి అంకెల్ని కుడి నుంచి ఎడమకు రాస్తే 142857. అయిదు రెట్లు చేయండి: 714285.