వయసు మీద పడ్డాక రెస్టే మంచిదా? అపోహలు - వాస్తవాలు

నేను ఫిజియోథెరపిస్ట్‌ని, నా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది అరవై దాటినవాళ్ళే. ఇంకా ఎన్నేళ్ళు బతుకుతాం అని వాళ్ళు పెద్దగా అడగరు, ఒకళ్ళ మీద ఆధారపడకుండా ఎన్నాళ్ళు తిరగగలం అన్నదే వాళ్ళ భయం. అలా భయపడేవాళ్ళే తెలియక కాళ్ళకి పని చెప్పకుండా కూర్చుంటారు, అందుకే ఇది రాస్తున్నా.

అపోహ: పెద్దవయసులో ఒళ్ళు అలవకూడదు, రెస్ట్ తీసుకోవాలి.

వాస్తవం: నేను చూసినవాటిలో అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఇదే. "నువ్వు కూర్చో అమ్మా, నేను తెస్తాగా" అని పిల్లలు ప్రేమతోనే అంటారు, కానీ రోజుకి ఇరవైసార్లు లేచే మనిషి ఐదుసార్లే లేస్తుంటే తొడ కండలు కరిగిపోతాయి, తర్వాత కుర్చీలోంచి లేవడానికి చెయ్యి అందించాలి, ఆ తర్వాత బాత్రూమ్‌కి వెళ్ళాలన్నా భయమే, ఒక్కసారి పడి తుంటి ఎముక విరిగిందంటే చాలామంది మళ్ళీ మునుపటిలా నడవలేరు. ఈ వయసులో కండ ఏం పెరుగుతుందిలే అనుకోకండి. 1994లో అమెరికాలో ఒక వృద్ధుల సంరక్షణ కేంద్రంలో ఉండేవాళ్ళ మీద చేసిన స్టడీ వచ్చింది, వాళ్ళ సగటు వయసు 87, పది వారాలు కాళ్ళకి బరువులతో వ్యాయామం చేయిస్తే కండల బలం రెట్టింపు దాటింది, నడకలో వేగం కూడా పెరిగింది.

ఇంట్లో మొదలుపెట్టడానికి ఒక గట్టి కుర్చీ చాలు. దాన్ని గోడకి ఆనించి, చేతులు గుండెల మీద కట్టుకుని లేవండి, మెల్లగా కూర్చోండి, ధబ్బున కూలబడొద్దు ఎందుకంటే కిందకి దిగేటప్పుడు కూడా కండ పనిచేస్తుంది. లేవలేకపోతే కింద దిండు వేసుకోండి, లేదా మొదట్లో చేతులు ఊనుకోండి. ఎన్నిసార్లు చేసినా చివరి రెండుసార్లు కాస్త కష్టమనిపించాలి, సులువైపోయిందంటే పెంచే టైమ్ వచ్చినట్టే. ఇలాంటి బలం పెంచే పని వారానికి కనీసం రెండు రోజులు ఉండాలని, 65 దాటినవాళ్ళు మూడు రోజులైనా బ్యాలెన్స్ వ్యాయామాలు కూడా చెయ్యాలని డబ్ల్యూహెచ్‌ఓ చెప్తోంది. మోకాళ్ళ నొప్పులున్నా మానక్కర్లేదు, తొడ బలపడితే చాలామందికి నొప్పి తగ్గుతుంది. ఐతే గుండెలో నొప్పి వస్తున్నా, ఈమధ్యే ఆపరేషన్ అయినా ముందు డాక్టర్‌ని అడగాలి.

అపోహ: పదివేల అడుగులు నడవకపోతే ఉపయోగం లేదు.

వాస్తవం: ఆ నంబర్ 1965లో జపాన్‌లో అమ్మిన ఒక అడుగులు లెక్కపెట్టే పరికరం పేరు నుంచి పాకింది. 2019లో పెద్దవయసు ఆడవాళ్ళ మీద వచ్చిన స్టడీలో రోజుకి 2,700 అడుగులు వేసేవాళ్ళ కంటే 4,400 వేసేవాళ్ళలో మరణాలు బాగా తక్కువ, 7,500 దాటాక అదనపు తేడా ఏమీ కనపడలేదు. పదివేలు అవ్వట్లేదని అసలుకే మానేసేవాళ్ళని చూస్తే బాధేస్తుంది.

అపోహ: ఇన్నేళ్ళు సిగరెట్ తాగాక ఇప్పుడు మానేసి ఏం లాభం.

వాస్తవం: బ్రిటన్‌లో డాక్టర్లనే 50 ఏళ్ళు గమనించిన స్టడీ 2004లో వచ్చింది. పొగతాగేవాళ్ళ ఆయుష్షు సుమారు పదేళ్ళు తగ్గింది, అరవైలో మానేసినవాళ్ళకి కూడా అందులో మూడేళ్ళు తిరిగొచ్చాయి, యాభైలో మానేస్తే ఆరు, నలభైలో మానేస్తే తొమ్మిది. 122 ఏళ్ళు బతికిన ఫ్రాన్స్ ఆవిడ ఝాన్ కాల్మాన్ కూడా తాగిందిగా అంటారు కొందరు, తాగి మధ్యలోనే పోయినవాళ్ళ పేర్లు మనకి ఎవరూ చెప్పరు కదండీ.

అపోహ: విటమిన్ మాత్రలు వేసుకుంటే ఆయుష్షు పెరుగుతుంది.

వాస్తవం: టెస్టులో బి12, డి లాంటివి తక్కువని తేలితే వేసుకోవాల్సిందే, ఊరికే వేసుకుంటే లాభం లేదు, ఒక్కోసారి నష్టం కూడా. ఫిన్లాండ్‌లో పొగతాగే మగవాళ్ళకి బీటా కెరోటిన్ (ఒంట్లో విటమిన్ ఎగా మారే పదార్థం) మాత్రలిస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ పెరిగిందని 1994లో తేలింది.

అపోహ: ఒంటరితనం మనసుకి సంబంధించింది, ఆరోగ్యంతో పనిలేదు.

వాస్తవం: 2010లో 148 స్టడీలు కలిపి చూస్తే, నలుగురితో గట్టి సంబంధాలున్నవాళ్ళు బతికి ఉండే అవకాశం 50 శాతం ఎక్కువని తేలింది. ఇక్కడ చాలామంది గమనించనిది చెవి. సరిగ్గా వినపడని మనిషి మాటిమాటికీ అడగలేక మెల్లగా మాట్లాడటమే తగ్గించేస్తారు, బయటికి రావడం మానేస్తారు, ఇంట్లోవాళ్ళేమో వయసైపోయింది అందుకే అలా ఉంటున్నారనుకుంటారు. మీ ఇంట్లో పెద్దవాళ్ళు టీవీ సౌండ్ పెంచుతుంటే ముందు వినికిడి టెస్ట్ చేయించండి, మెషిన్ అవసరమంటే పెట్టించండి, మొదటి కొన్ని వారాలు చిరాకుపడి తీసేస్తుంటారు, పక్కన కూర్చుని అలవాటు చెయ్యండి.