ఆడవాళ్ళ నవలల గురించి అపోహలు – వాస్తవాలు: నెల్లూరు నుంచి ఒక రచయిత్రి మాట

నేను నెల్లూరులో ఉంటాను. ఆడవాళ్ళ జీవితం చుట్టూ తిరిగే నవలలు రాస్తాను. పెళ్ళిళ్ళలోనైనా, బ్యాంకు క్యూలోనైనా, పినాకినీ ఎక్స్‌ప్రెస్‌లో పక్క సీటులోనైనా నా పని సంగతి తెలియగానే దాదాపు ఒకే రకం మాటలు వినపడతాయి. అందరూ ప్రేమగానే అంటారు. కానీ ఆ మాటలన్నిటి వెనకా ఒక నమ్మకం ఉంటుంది. ఇంటి సంగతులే కదా, వాటి గురించి రాయడానికి కష్టమేముంది, కొత్తగా తెలుసుకోవాల్సిందేముంది అని. ఈ నమ్మకం వల్ల కొత్తగా కలం పట్టే అమ్మాయిలు నష్టపోవడం చూస్తున్నాను. ఇంట్లో టైము అడగలేరు, బయట డబ్బు అడగలేరు, ఒప్పందం కాగితం అసలే అడగలేరు. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: ఇంట్లో ఉండే ఆడమనిషికి బోలెడు తీరిక. మూడ్ వస్తే నవల దానంతటదే వస్తుంది.

"రాసుకుంటా ఉండావా? అయితే ఖాళీగానే ఉండావులే" అంటూ లోపలికి వచ్చి కూర్చునే పక్కింటి అక్క ప్రతి రచయిత్రికీ ఉంటుంది. రాసే గంటలు ఏవో ఇంట్లో అందరికీ ముందే చెప్పి తీసుకోవాలి. చెప్పకపోతే గ్యాస్ బండ వచ్చినా, కొరియర్ వచ్చినా లేవాల్సింది మనమే. మూడ్ కోసం కూర్చుంటే వారపత్రికలో సీరియల్ నడవదు. వచ్చే వారం భాగం పత్రికకు ముందే అందాలి. పిల్లకు జ్వరమొచ్చినా, ఇంట్లో పెళ్ళి ఉన్నా అందాలి.

పైగా మొదటిసారి రాసి ముగించడం సగం పనే. తర్వాత లెక్కలు చూడాలి. మొదటి అధ్యాయంలో ఎనిమిదో తరగతి చదివే పాప పన్నెండో అధ్యాయానికి ఏ క్లాసులో ఉండాలి? గర్భం నెలలు, చంద్రుడు కనిపించిన రాత్రి తిథి, ఎవరి రహస్యం ఎవరికి ఎప్పుడు తెలిసింది, ఇవన్నీ నేను విడిగా నోట్సులో రాసుకుంటాను. వీటిలో ఒకటి తప్పినా పాఠకురాలు పట్టేస్తుంది. ఆడవాళ్ళు నవలలు చాలా జాగ్రత్తగా చదువుతారు.

అపోహ: ఆడవాళ్ళ నవలంటే ప్రేమకథ. కాలక్షేపం.

ఇది నాకు బాగా బాధ కలిగించే మాట. ప్రేమకథ మీద నాకు చిన్నచూపు లేదు. మంచి ప్రేమకథ రాయడం చాలా కష్టం. కానీ 1960లు, 70లలో వారపత్రికల కోసం ఇల్లిల్లూ ఎదురుచూసిన కాలంలో కూడా తెలుగులో వచ్చింది ఒక్క రకం నవలే కాదు. ప్రేమకథలు రాసిన యద్దనపూడి సులోచనారాణిని చదివిన ఇంట్లోనే పెళ్ళినీ కుటుంబాన్నీ నిలదీసిన రంగనాయకమ్మనూ చదివారు. ఇద్దరికీ పాఠకులు చాలావరకు ఆడవాళ్ళే.

మన జిల్లాలో ఉన్నవాళ్ళకి ఈ అపోహ అసలు ఉండకూడదు. 1992లో దూబగుంటలో ఆడవాళ్ళు సారా కొట్టు మూయించారు. అంతకుముందు వాళ్ళు రాత్రి బడుల్లో పలకా బలపం పట్టారు. అక్షరాలు నేర్చుకుంటూ, పాఠాల్లో తమ లాంటి ఆడవాళ్ళ కథలు చదువుతూ, తమ ఇళ్ళలో కూలి డబ్బు ఎటు పోతోందో మాట్లాడుకున్నారు. ఆ ఉద్యమం జిల్లా అంతా పాకింది. 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది. ఆ నిషేధం తర్వాత నిలవలేదు, అది వేరే సంగతి. తన బతుకు కాగితం మీద కనిపించినప్పుడు ఆడమనిషిలో ఏం కదులుతుందో చూపించిన నేల ఇది. ఇక్కడ కూర్చుని ఇంటి కథ కాలక్షేపమని నేను ఒప్పుకోలేను.

ఇంటి కథంటే చివరికి డబ్బు ఎవరి చేతిలో ఉంది, మాట ఎవరిది చెల్లుతుంది అనేదే. అది రాయాలంటే బయటి పని కూడా తెలియాలి. టంగుటూరు, కొండపి వైపు పొగాకు పనికి వెళ్ళే ఆడవాళ్ళ మీద రాసేటప్పుడు నేను నెలల తరబడి అడిగి తెలుసుకున్నవి చాలా ఉన్నాయి. తడిగా ఉన్న పచ్చాకు పట్టుకుని పనిచేస్తే నికోటిన్ చర్మం గుండా ఒంట్లోకి పోతుంది. తల తిరుగుతుంది, వాంతులవుతాయి. ఇంట్లో వాళ్ళు దాన్ని ఎండదెబ్బ అనుకుంటారు. బ్యారన్‌లో, అంటే పొగాకును వేడితో ఆరబెట్టే గదిలో, కాల్చిన ఆకును రంగు, మచ్చ చూసి వేరు చేసే గ్రేడింగ్ మళ్ళీ వేరే పని. దానికి కన్ను పదునుగా ఉండాలి. ఆ కూలి ఎవరి చేతికిస్తారు, అందులో మేస్త్రీ ఎంత పట్టుకుంటాడు, పని దగ్గర బాత్రూం ఉందా? నా కథానాయిక కోపమంతా ఈ మూడు ప్రశ్నల్లోంచే వచ్చింది. అవి తెలియకుండా ఆమె చేత ఎంత పెద్ద డైలాగు చెప్పించినా పేలవంగానే ఉండేది.

అపోహ: ఆమె ముందు నోరు తెరవొద్దు, నవల్లో పెట్టేస్తుంది.

ఫంక్షన్లలో ఇది రెండు రకాలుగా ఎదురవుతుంది. కొందరు నేను రాగానే మాట మారుస్తారు. ఇంకొందరు పక్కకు తీసుకెళ్ళి "మా కోడలి సంగతి రాయండమ్మా" అని మొదలుపెడతారు. విన్నది విన్నట్టు రాస్తే అది నవల అవదు. నిజంగా జరిగినదానికి చాలాసార్లు మొదలూ తుదీ ఉండవు. ఒక ఆవిడ నుంచి ఒక భయం, మరొకావిడ నుంచి ఒక అలవాటు, ఇంకెవరి దగ్గరో విన్న ఒక మాట, ఇవన్నీ కలిసి ఎప్పటికో ఒక పాత్ర అవుతుంది. అయినా "ఆ అత్త మా అత్తే కదా" అని నన్ను అడిగేవాళ్ళు ఎక్కువగా నేనెన్నడూ చూడని ఊళ్ళవాళ్ళే.

ఈ విషయంలో నాకు గట్టి నియమాలున్నాయి. నమ్మి చెప్పిన సంగతి వాడుకోవాలనిపిస్తే ముందు ఆమెను అడుగుతాను. వద్దంటే వదిలేస్తాను. ఒప్పుకున్నా ఊరు, వృత్తి, పిల్లల సంఖ్య మార్చేస్తాను. మన ఊళ్ళు చిన్నవి. ఇంటి పేరు రాయకపోయినా ఏ వీధో చెబితే చాలు, మనిషి తెలిసిపోతుంది. దెబ్బలు తింటూ అదే ఇంట్లో ఉంటున్న ఆడమనిషి కథ గుర్తుపట్టేలా రాస్తే నా పుస్తకం ఆమెకే ప్రమాదం. ఎంత మంచి కథైనా అంత విలువ చేయదు.

అపోహ: నెల్లూరు మాట రాస్తే మిగతా జిల్లాల వాళ్ళకి అర్థం కాదు.

అర్థమవుతుంది. సంభాషణల్లో "యాడికి", "ఎట్టా", "పిల్లకాయలు" రాసినందుకు పుస్తకం పక్కన పెట్టేశానన్న పాఠకురాలు నాకింతవరకు తగల్లేదు.

అపోహ: పుస్తకం అచ్చయితే డబ్బే డబ్బు.

తెలుగులో ఇప్పుడు చాలా నవలలు 500, 1000 కాపీలే వేస్తున్నారు. చాలామంది సొంత ఖర్చుతోనే వేసుకుంటున్నారు. 200 రూపాయల పుస్తకానికి అమ్మేవాళ్ళ కమీషన్ 40 శాతం అనుకోండి. 80 రూపాయలు అక్కడే పోతాయి. మిగిలిన 120లోంచే డీటీపీ (కంప్యూటర్‌లో పేజీలు కూర్చడం), ప్రూఫులు, ముఖచిత్రం, కాగితం, బైండింగ్, పార్శిల్ ఖర్చు రావాలి. అమ్మిన డబ్బు ఎప్పటికొస్తుందో చెప్పలేం. ఈ లెక్క ముందే వేసుకుంటే గుండె దిటవుగా ఉంటుంది.

ఖర్చు తగ్గించే చిన్న విషయాలు కొన్ని ఉన్నాయి. డెమ్మీ సైజు (నవలలు ఎక్కువగా వచ్చే సైజు) పుస్తకానికి ఫారానికి, అంటే అచ్చువేసి మడిచే ఒక్కో పెద్ద కాగితానికి, 16 పేజీలు. 192 పేజీలైతే సరిగ్గా 12 ఫారాలు. నాలుగు పేజీలు ఎక్కువైతే ఇంకో ఫారానికి పోతుంది, కాబట్టి చివరి దిద్దుబాటులో ఈ లెక్క గుర్తుంచుకోండి. ఫైలు యూనికోడ్‌లో (ఫోన్లలో, నెట్‌లో వాడే తెలుగు టైపు) ఉంటే డీటీపీ వాళ్ళు అచ్చుకు వాడే అను ఫాంట్లలోకి మార్చేటప్పుడు వత్తులు చెదురుతాయి. మార్చిన తర్వాత మొత్తం మళ్ళీ చదవాల్సిందే, తప్పించుకునే దారి లేదు. పుస్తకాన్ని గుర్తించే ఐఎస్‌బీఎన్ నంబరు మన దేశంలో ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. దానికి డబ్బు అడిగేవాళ్ళ మాట నమ్మకండి. సభలకు పిలిచేవాళ్ళని దారి ఖర్చుల సంగతి ముందే అడగండి. శాలువా కప్పుతారు, సంతోషమే. టికెట్ డబ్బులు అడగడం తప్పేమీ కాదు.

అపోహ: రిజిస్టర్ చేయిస్తేనే కాపీరైట్. ఒకసారి ఇచ్చేశాక నవల ప్రచురణకర్తదే.

ఈ రెండూ తప్పే. ఇక్కడే రచయిత్రులు ఎక్కువగా మోసపోతారు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రాసిన క్షణం నుంచే హక్కు మీది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. ఆ హక్కు మీరున్నంత కాలం, ఆ తర్వాత 60 ఏళ్ళు ఉంటుంది. అంటే మీ పిల్లలకూ వస్తుంది. హక్కు బదిలీ కావాలంటే కాగితం మీద రాసి సంతకం పెట్టాలి, నోటిమాట చెల్లదు. ఎంతకాలానికో రాయకపోతే ఐదేళ్ళకే అనీ, ఎక్కడివరకో రాయకపోతే భారతదేశం వరకే అనీ చట్టం లెక్కేస్తుంది. తీసుకున్నవాళ్ళు ఏడాదిలోపు ఆ హక్కు వాడుకోకపోతే, ఒప్పందంలో వేరేలా రాసుకుంటే తప్ప, అది మీకు తిరిగొస్తుంది.

"అన్ని హక్కులూ" అన్న రెండు మాటల కింద సంతకం పెట్టకండి. అచ్చు, ఈబుక్, ఆడియో, సినిమా, టీవీ సీరియల్ దేనికది విడిగా రాయించండి. ఎన్ని కాపీలు వేస్తారో, అమ్మకాల లెక్క ఎప్పుడెప్పుడు చూపిస్తారో కూడా అందులోనే ఉండాలి. సంతకాలైన కాగితం కాపీ ఒకటి ఆ రోజే చేతికి తీసుకోండి.