పౌచ్ పోతే మాంత్రికుడి పని అయిపోయినట్టేనా? కొన్ని అపోహలు, వాస్తవాలు

మొన్న ఆదివారం మా డంజన్స్ అండ్ డ్రాగన్స్ (పాత్రలు వేసుకుని పాచికలతో ఆడే ఆట) టేబుల్ మీద మరో రోగ్, అంటే దొంగ పాత్ర, చచ్చిపోయాడు. కారణం మళ్ళీ అదే. వంతు రాగానే 30 అడుగులు నడిచి, డాష్‌తో ఇంకో 30 అడుగులు ఉరికి, దారిలో ఇద్దరు కాపలావాళ్ళ చేత చెరో దెబ్బ తిని, మిగిలిన బోనస్ యాక్షన్‌తో (వంతులో యాక్షన్ కాక అదనంగా దొరికే చిన్న పని) శత్రు మాంత్రికుడి నడుముకున్న కాంపొనెంట్ పౌచ్, అంటే స్పెల్స్‌కు (మంత్రాలకు) కావాల్సిన సరుకుల సంచి, లాగేశాడు. పాచిక మీద 18 పడింది. గదంతా చప్పట్లు. తర్వాతి వంతులో ఆ మాంత్రికుడు మిస్టీ స్టెప్ అనే స్పెల్‌తో 30 అడుగుల అవతల తేలి, తాపీగా ఫైర్ బోల్ట్ అనే నిప్పు స్పెల్ విసిరాడు. మిగతా పని కాపలావాళ్ళు పూర్తిచేశారు.

"అదేమిటండీ, పౌచ్ నా చేతిలో ఉంది కదా!" అన్నాడు కుర్రవాడు. ఆ మాట ఇప్పటికి ఎంతమంది నోట విన్నానో లెక్క లేదు.

విజయనగరంలో గంటస్తంభానికి దగ్గరలో ఒక మేడమీద గదిలో ఎనిమిదేళ్ళుగా డంజన్స్ అండ్ డ్రాగన్స్ నడిపిస్తున్నాను. ఐదో ఎడిషన్, 2014 నాటి పుస్తకాలు. కింద చెప్పేదంతా వాటి ప్రకారమే.

అపోహ: పౌచ్ గానీ ఫోకస్ (దానికి బదులు వాడే చేతికర్ర, మంత్రదండం లాంటిది) గానీ పోతే మాంత్రికుడు మామూలు మనిషైపోతాడు.

వాస్తవం: పోయేది పుస్తకంలో ఎం అక్షరం (మెటీరియల్, అంటే వస్తువు కావాలని గుర్తు) ఉన్న స్పెల్స్ మాత్రమే. మాట, చేతి సైగ సరిపోయే స్పెల్స్‌కు పౌచ్‌తో పనే లేదు. మొన్నటి మాంత్రికుడు మాన్‌స్టర్ మాన్యువల్ అనే శత్రువుల పుస్తకంలోని మామూలు మేజ్ (మాంత్రికుడు). పౌచ్ పోయాక అతని చేతిలోంచి జారిపోయినవి ఫైర్‌బాల్, ఐస్ స్టార్మ్, కోన్ ఆఫ్ కోల్డ్, ఫ్లై, సజెషన్. తక్కువ నష్టమేమీ కాదు, ఒప్పుకుంటాను. గబ్బిలం రెట్ట, గంధకం లేనిదే ఫైర్‌బాల్ లేదు. కానీ మిగిలినవి చూడండి: ఫైర్ బోల్ట్, మ్యాజిక్ మిస్సైల్, షీల్డ్, మిస్టీ స్టెప్, కౌంటర్‌స్పెల్ (ఎదుటివాళ్ళ స్పెల్‌ను ఆపేది), గ్రేటర్ ఇన్విజిబిలిటీ. ఒంటరిగా ఎదురుగా నిలబడ్డ రోగ్‌ను చంపడానికి ఇందులో ఏది చాలదు?

ఇప్పుడు రెండో లెక్క. ఆ మేజ్‌కు ఉన్నవి 40 హిట్ పాయింట్లు. మనవాడు ఐదో స్థాయి రోగ్. ఉన్నచోటే స్తంభం వెనక నక్కి, షార్ట్‌బోతో ఒక్క బాణం వేసి ఉంటే, తగిలినప్పుడు స్నీక్ అటాక్‌తో (రోగ్ దొంగదెబ్బకు వచ్చే అదనపు దెబ్బ) కలిపి సగటున 18. దాదాపు సగం ప్రాణం. ఒంటి మీద దెబ్బ పడేది కాదు, 60 అడుగులు పరిగెత్తే పనీ ఉండేది కాదు. ఆ లెక్క వదిలేసి 25 బంగారు నాణేల సంచి కోసం ప్రాణం ఇచ్చాడు.

నిజం చెప్పాలంటే ఈ పుకారును మా ఊళ్ళో పుట్టించినవాణ్ణి నేనే. మొదటి ఏడాది ఎవరో చేతికర్ర లాగేసుకుంటే, పుస్తకం తెరిచి చూసే ఓపిక లేక, "సరే, ఇక అతను ఏమీ చేయలేడు" అని తీర్పు చెప్పేశాను. పెద్ద పోరాటం అనుకున్నది రెండు రౌండ్లలో (అందరికీ ఒక్కో వంతు వస్తే ఒక రౌండ్) చప్పగా ముగిసింది. ఆ రోజు ఆడినవాళ్ళలో ఇద్దరు శ్రీకాకుళం వెళ్ళి అక్కడ సొంత టేబుల్ మొదలుపెట్టారు. నా తప్పు కూడా వాళ్ళతోపాటే బస్సెక్కింది.

మాంత్రికుడి నోరు నిజంగా మూయించాలంటే సైలెన్స్ వేయండి, అతను ఉన్నచోట శబ్దమే లేకుండా చేసే స్పెల్ అది. పైన చెప్పిన జాబితాలో సైగ ఒక్కటే చాలే కౌంటర్‌స్పెల్ తప్ప ఏదీ మిగలదు, మిస్టీ స్టెప్‌తో సహా. 120 అడుగుల దూరం నుంచి వేయవచ్చు. 60 దాటి వేస్తే అతని కౌంటర్‌స్పెల్ అందదు. తర్వాత అతను ఆ చోటునుంచి నడిచి బయటికి పోకుండా ఫైటర్ వెళ్ళి గట్టిగా పట్టుకోవాలి. అంతే.

అపోహ: రద్దీలో జేబు కొట్టడం లాంటిదే కదా.

మా ఊరి సిరిమాను పండుగ రోజున కోట ముందు నిలబడి చూడండి. వేల కళ్ళు పైకి, మాను చివర కూర్చున్న పూజారి వైపే ఉంటాయి. అప్పుడు జేబు కొట్టడానికి గొప్ప నైపుణ్యం అక్కరలేదు. పోరాటంలో మాంత్రికుడి కళ్ళు మీ మీదే ఉంటాయి. పోరాటం మధ్యలో దొంగతనానికి పుస్తకంలో విడిగా నియమం లేదు, డంజన్ మాస్టర్ (ఆట నడిపించేవాడు) దయ. నేనైతే డిస్‌అడ్వాంటేజ్ (రెండు పాచికలు వేసి తక్కువది తీసుకోవడం) ఇస్తాను. బోనస్ యాక్షన్‌తో చేసే వీలు థీఫ్‌కు (రోగ్‌లలో ఒక రకం) ఫాస్ట్ హ్యాండ్స్ అనే నేర్పు వల్ల వచ్చింది. అది లేని రోగ్‌ల దగ్గర నేను పూర్తి యాక్షన్ తీసుకుంటాను. అదే పని ముందురోజు రాత్రి సత్రంలో, అతను నిద్రపోతున్నప్పుడు చేయండి, నేనే చప్పట్లు కొడతాను.

డిస్‌ఆర్మ్ (దెబ్బతో చేతిలోది పడగొట్టడం) సంగతి: చేతిలో ఉన్న మంత్రదండానికి పనికొస్తుంది, నడుముకు కట్టుకున్న పౌచ్‌కు కాదు. కింద పడ్డదాన్ని మీరు వెంటనే తీసుకోకపోతే తన వంతులో అతనే తీసుకుంటాడు, యాక్షన్ కూడా ఖర్చు కాదు. ఇక, అప్పటికే వేసిన స్పెల్ పౌచ్ పోగానే ఆగిపోతుందా? ఆగదు. ఏకాగ్రతతో నిలబెట్టే స్పెల్ అయితే, ఆ కాన్సన్‌ట్రేషన్ చెడితే ఆగుతుంది.

కొత్తగా మాంత్రికుల పాత్రలు తీసుకున్నవాళ్ళ భయం వేరు. బొబ్బిలి నుంచి రైలెక్కి వచ్చే డిగ్రీ అమ్మాయి ఒకతె ప్రతి ఆదివారం ఆట మొదలయ్యే ముందు అడిగేది: "అన్నయ్యా, ఈరోజు నా పౌచ్ ఎవరైనా ఎత్తుకుపోతారా?" నవ్వకండి. రెండు నెలలు కష్టపడి పెంచుకున్న పాత్ర అది. అమ్మా, 5 నాణేలకు చేతికర్ర దొరుకుతుంది, ఒకటి వీపుకు కట్టుకో అన్నాను. స్పెల్‌బుక్ పోయినా సిద్ధం చేసుకున్న స్పెల్స్ ఎక్కడికీ పోవు. వాటిని ఒక్కో స్పెల్ స్థాయికి 10 నాణేలు, ఒక గంట చొప్పున, కొత్త పుస్తకంలో మళ్ళీ రాసుకోవచ్చు. పుస్తకం లేనన్నాళ్ళూ ఆ జాబితా మార్చుకోలేవు, రిచువల్స్ (తంతుగా నెమ్మదిగా వేసే స్పెల్స్) చేయలేవు, అంతే. ఆ రోజు నుంచి ఆమె పౌచ్ ఊసెత్తలేదు.

దొంగలకు నిజంగా పనికొచ్చేది, మీరు నిజంగా దాచుకోవలసింది, స్పెల్ వివరంలో ధర రాసి ఉన్న వస్తువు. చనిపోయినవాళ్ళను బతికించే రివివిఫై స్పెల్‌కు 300 నాణేల వజ్రం కావాలి. పౌచ్ ఉన్నా, ఫోకస్ ఉన్నా దానికి బదులు కాదు, పైగా వాడగానే మాయమవుతుంది. చనిపోయిన నిమిషంలోపే, అంటే పది రౌండ్లలోపే ఆ స్పెల్ వేయాలి. పౌచ్‌ను గుండెకు హత్తుకుని తిరిగేవాళ్ళలో వజ్రం ఎక్కడుందో అడిగితే చెప్పగలిగినవాళ్ళు నాకు తక్కువే కనబడ్డారు.

మొన్న కూడా రోగ్ పడిపోగానే ఆ స్పెల్ వేయగల క్లెరిక్‌ను (దేవుడి సేవకుడి పాత్ర) అడిగాను, వజ్రం ఉందా అని. ఉందన్నాడు. ఎక్కడ? జీను సంచిలో. గుర్రాన్ని కోట బయట చింతచెట్టుకు కట్టేసి వచ్చారు. అతను పరుగెత్తాడు, మేమంతా రౌండ్లు లెక్కపెట్టాం. వంతెన దగ్గరికి చేరేసరికి పదకొండు.