5 శాతం పూచీతో తవ్విన కాలువ

ఆదోని, పులివెందుల వైద్య కళాశాలలను పీపీపీ (ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యం) పద్ధతిలో ఇవ్వాలని రాష్ట్ర ప్రభుత్వం 2025లో నిర్ణయించాక, ఇదేదో సీమ మొదటిసారి చూస్తున్న పద్ధతి అన్నట్టు వాదనలు సాగుతున్నాయి. నిజానికి తుంగభద్ర మీది సుంకేసుల ఆనకట్ట నుంచి కర్నూలు, నంద్యాల మీదుగా కడప దాకా 300 కిలోమీటర్లకు పైగా పారే కేసీ (కర్నూలు-కడప) కాలువను తవ్వించిందే ఒక ప్రైవేటు కంపెనీ.

సర్ ఆర్థర్ కాటన్ ఆలోచనల ఊతంతో 1858లో మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ ఏర్పడింది. సాగునీటి పన్ను, పడవల రవాణా కలిసి లాభం తెస్తాయని అంచనా. వాటాదారులు పెట్టే 10 లక్షల పౌండ్ల మీద ఏటా 5 శాతం రాబడికి ప్రభుత్వం పూచీ పడింది. పని 1863లో మొదలైంది. డబ్బు చాలలేదు, ప్రభుత్వమే మరో 6 లక్షల పౌండ్లు సర్దింది.

కాలువ పూర్తయ్యాక నీళ్లు కొనే రైతు దొరకలేదు. కాలువ కింద చాలా భాగం నల్లరేగడి. వాన పదును పట్టుకుని జొన్న, పత్తి పండించే నేలకు తడి పెట్టి, పైగా పన్ను కట్టాల్సిన అవసరం రైతుకు కనిపించలేదు. 1876 నాటి ధాత కరువులో నీటి కోసం వచ్చినవాళ్లు వానలు పడగానే మళ్లీ మెట్ట సేద్యానికే వెళ్లిపోయారు. రెండో లోపం నీటిది. ఆనకట్ట నదిని మళ్లిస్తుందే గానీ నిల్వ చేయదు. నీటిని నిల్వ చేసే తుంగభద్ర డ్యాం వచ్చింది 1953లో.

ఇక్కడ అసలు తప్పు ఇంజనీర్లది కాదు, ఒప్పందానిది. ఖర్చు పెరిగినా, నీళ్లు అమ్ముడుపోకున్నా 5 శాతం వస్తూనే ఉంటే, రైతుకు ఏం కావాలో ముందే అడిగి తెలుసుకోవాల్సిన పని కంపెనీకి లేదు. నష్టం మొత్తం ఖజానా మోసింది. చివరికి 1882లో ప్రభుత్వం రూ.3.02 కోట్లకు కాలువను కొనేసింది. అదే కాలువకు ఇప్పుడు 2.65 లక్షల ఎకరాల ఆయకట్టు ఉంది.

ఆ పూచీ పేరు మార్చుకుని నేటికీ నడుస్తోంది. 2006లో కేంద్రం తెచ్చిన వయబిలిటీ గ్యాప్ ఫండింగ్ (లాభసాటి కాని ప్రాజెక్టులకు లోటు పూడ్చే సాయం) కింద నిర్మాణ ఖర్చులో కేంద్రం 20 శాతం దాకా, ప్రాజెక్టు చేపట్టే ప్రభుత్వం మరో 20 శాతం దాకా ఇవ్వవచ్చు. 2020 సవరణలో వైద్యం, విద్యలో ప్రయోగాత్మక ప్రాజెక్టులకు కేంద్ర, రాష్ట్రాల వాటా కలిపి 80 శాతం వరకు, మొదటి ఐదేళ్ల నిర్వహణ ఖర్చులో సగం వరకు పెంచారు. రహదారుల్లో 2016 నుంచి ఉన్న హైబ్రిడ్ యాన్యుటీలో 40 శాతం నిర్మాణ సమయంలోనే చెల్లించి, మిగతాది 15 ఏళ్ల వాయిదాల్లో ఇస్తారు. వాహనాలు తగ్గినా గుత్తేదారుకు నష్టం లేదు. ఆ భారం ప్రభుత్వానిదే.

అందుకే ఆసుపత్రి, కళాశాల ఒప్పందాల్లో ముందు చూడాల్సింది ఉచిత పడకల సంఖ్య ఒక్కటే కాదు. రోగులు, విద్యార్థులు అంచనా మేరకు రాకపోతే లోటు ఎవరు పూడ్చాలో, మధ్యలో రద్దయితే ఎవరు ఎంత చెల్లించాలో రాసిన పేజీలు చూడాలి. టోల్ రహదారుల నమూనా ఒప్పందంలో తప్పు గుత్తేదారుదే అయినా, రోడ్డు వాడుకలోకి వచ్చాక రద్దయితే బ్యాంకు బాకీలో 90 శాతం దాకా ప్రభుత్వ పక్షమే కట్టాలి.